అక్షరం అందనివారి మెదడు: హైదరాబాదు పరిశోధన చెప్పిన మాట

(పుదుచ్చేరి పట్టణంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మెదడును గురించి చరిత్ర అధ్యాపకుడు చెప్పగలిగినదేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను వైద్యుణ్ణి కాను. అయితే మెదడు పరిశోధనకు కూడా ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో మనుషులను పై మెట్టు, కింది మెట్టు అని విభజించిన ఘట్టాలున్నాయి. ఆ విభజన నిలవదని తేల్చిన ఘట్టాలూ ఉన్నాయి. ధ్యానం వలన మెదడులో కలిగే మార్పులను గురించి నేటి వేదికలపై తరచు వింటున్నాము. ఆ విషయాన్ని నేడు పక్కన ఉంచుతాను. వృద్ధాప్యంలో మతి తప్పే వ్యాధిని గురించి, రెండు భాషలతో బతికే మనిషిని గురించి, ఆ రెండింటినీ కలిపి చూసిన ఒక హైదరాబాదు పరిశోధనను గురించి మీతో ముచ్చటించదలచాను.

ముందుగా వ్యాధి సంగతి. మానవుని మెదడు బరువు సుమారు 1.4 కిలోలు. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయని శాస్త్రజ్ఞుల అంచనా. ఈ కణాలు ఒకదానితో ఒకటి సంభాషించుకోవడమే మన జ్ఞాపకం, మన మాట, మన వివేకం. 1906 నవంబరులో జర్మనీలోని ట్యూబింగెన్ నగరంలో జరిగిన వైద్యుల సమావేశంలో ఆలోయిస్ ఆల్జైమర్ ఒక స్త్రీ మెదడును గురించి నివేదించాడు. ఆమె యాభై ఏళ్లు దాటీ దాటకముందే జ్ఞాపకాన్ని, మాటను, తానెక్కడ ఉన్నదీ అనే ఎరుకను కోల్పోయింది. మరణానంతరం ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించగా, కణాల వెలుపల పేరుకున్న ముద్దలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. 1910లో క్రెపెలిన్ తన గ్రంథంలో ఈ వ్యాధికి ఆల్జైమర్ పేరే పెట్టాడు.

నేడు డిమెన్షియా అనే మాట కింద ఇటువంటి పలు వ్యాధులను చేర్చి చెబుతున్నారు. ఆల్జైమర్స్ వాటిలో ప్రధానమైనది. రక్తనాళాలు దెబ్బతినడం వలన వచ్చేది మరొకటి. మెదడు ముందు భాగం, కణతల భాగం క్షీణించడం వలన వచ్చేది ఇంకొకటి. మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో బాధపడుతున్నారని 2023లో ప్రచురితమైన అంచనా చెబుతున్నది. పురుషులలో కంటే స్త్రీలలో, పట్టణాలలో కంటే పల్లెలలో ఈ బాధ ఎక్కువని కూడా ఆ అధ్యయనమే తేల్చింది. ఆ స్త్రీలలో, ఆ పల్లెవాసులలో మన తల్లులున్నారు, మన అవ్వలున్నారు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. మెదడులో ఒకే పాటి నష్టం జరిగినా, ఒకరికి మతి తప్పుతుంది. మరొకరు చివరివరకు తెలివిగానే ఉంటారు. అమెరికాలో 678 మంది క్రైస్తవ సన్యాసినులను ఏళ్ల తరబడి పరిశీలించి, వారి అనుమతితో మరణానంతరం వారి మెదళ్లను పరీక్షించిన అధ్యయనమొకటి ప్రసిద్ధమైనది. వ్యాధి గుర్తులు మెదడు నిండా ఉన్నప్పటికీ జీవితకాలంలో లక్షణాలు బయటపడనివారు వారిలో కొందరున్నారు. దీనికి శాస్త్రజ్ఞులు చెప్పే వివరణను మేధో నిల్వ అనవచ్చు. ఒకే ఎండ రెండు చెరువులపై కాస్తుంది. లోతు తక్కువ చెరువు ముందుగా అడుగంటుతుంది, లోతైన చెరువు మరికొంతకాలం నీరు ఇస్తుంది. ఎండ ఆగలేదు, నిల్వలో తేడా ఉన్నది. జీవితమంతా మెదడుకు పని కల్పించినవారికి ఆ లోతు ఏర్పడుతుందని భావన.

ఆ లోతు దేని వలన ఏర్పడుతుంది? చాలాకాలం వినిపించిన జవాబు ఒక్కటే: చదువు. ఆ జవాబులో నిజమున్నది. చిన్ననాటి చదువు కొరవడటం డిమెన్షియాకు దారితీసే కారణాలలో ఒకటని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం మరొకమారు చెప్పింది. ఆ సంఘం నివారించదగిన కారణాలను పద్నాలుగింటిని గుర్తించి, వాటన్నిటినీ తొలగించగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. ఈ మాటను మనం చరిత్రతో కలిపి చదవాలి. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని సమాజం మన పెద్దల నుండి ఉద్యోగాలను, గౌరవాన్ని మాత్రమే అపహరించలేదు. వారి వృద్ధాప్యపు జ్ఞాపకశక్తిలో కూడా కొంత భాగాన్ని అపహరించింది. కులం చేసిన నష్టపు పద్దులో ఈ అంశాన్ని ఇంతవరకు ఎవరూ రాసినట్లు కనిపించదు.

అయితే అక్షరం అందనివారి మెదడుకు లోతే లేదా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ భాష వద్దకు వద్దాము.

భాషకు, మెదడుకు గల సంబంధాన్ని తొలిగా స్థాపించినవారిలో ఫ్రెంచివారు ముఖ్యులు. 1861లో పారిస్ నగరంలో పాల్ బ్రోకా అనే వైద్యుడు, ఏళ్ల తరబడి ఒక్క అక్షరఖండం మినహా మరేమీ పలకలేకపోయిన రోగి మెదడును పరీక్షించి, ఎడమ పక్క ముందు భాగంలో దెబ్బతిన్న చోటును చూపాడు. మాట పుట్టే తావు అది అన్నాడు. 1895లో బోర్దో నగర వైద్యుడు ఆల్బేర్ పిత్ర్, పలు భాషలు తెలిసినవారికి మెదడు దెబ్బతిని మాట పడిపోతే ఏ భాష ముందుగా తిరిగివస్తుందని ప్రశ్నించి, మనిషికి ఎక్కువ అలవాటైన భాషే ముందుగా వస్తుందని గమనించాడు.

కాని అదే బ్రోకా పుర్రెలను కొలిచాడు. పుర్రె పరిమాణాన్ని బట్టి జాతులకు, స్త్రీ పురుషులకు తెలివిలో హెచ్చుతగ్గులున్నాయని వాదించాడు. ఆ కొలబద్ద సముద్రం దాటి మన దేశానికి కూడా వచ్చింది. 1891లో హెర్బర్ట్ రిస్లీ బెంగాలు కులాలను గురించిన గ్రంథంలో ముక్కుల కొలతలతో కులాల అంతస్తులను ముడిపెట్టాడు. 1948లో వెలువడిన ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఆ తరహా కొలతలనే ఎదుట పెట్టుకొని, బ్రాహ్మణునికీ అంటరానివానికీ జాతి భేదం లేదని వాటితోనే నిరూపించారు. కొలబద్ద ఎవరి చేతిలో ఉన్నది, దేనిని కొలుస్తున్నది అనే ప్రశ్న ఎంత ముఖ్యమో ఈ ఉదంతం చెబుతుంది. మెదడు శాస్త్రంపై మనకు అంధభక్తి వద్దు, అకారణ భయమూ వద్దు.

ఇక ఇటీవలి పరిశోధనకు వద్దాము. 2007లో కెనడాలోని టొరంటో నగరంలో ఎలెన్ బియాలిస్టాక్, ఆమె సహచరులు 184 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించారు. రెండు భాషలతో జీవించినవారికి వ్యాధి లక్షణాలు సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా కనిపించాయని వారు ప్రకటించారు. ఒక అభ్యంతరం వెంటనే వచ్చింది. అక్కడి ద్విభాషులలో ఎక్కువమంది వలస వచ్చినవారు. వలస వెళ్లగలిగిన ఆరోగ్యం, తెగువ, జీవన విధానం వేరు. తేడా భాష వలన వచ్చిందా, వలస వలన వచ్చిందా? టొరంటోలో ఆ ముడి విప్పడం కష్టం.

ఆ ముడి విప్పడానికి తగిన నేల మనది. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ఒకే బజారులో వినిపిస్తాయి. రెండో భాష నేర్వడానికి అక్కడ దేశం విడవనక్కరలేదు, బడికి పోనక్కరలేదు. పండ్ల బండి తోసే మనిషి ఒక ఇంటి ముందు తెలుగులో, పక్క ఇంటి ముందు దక్కనీ ఉర్దూలో బేరమాడతాడు. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్, నాడీవైద్యురాలు అల్లాడి సువర్ణ ఈ విషయాన్ని చేపట్టారు. నిమ్స్ వైద్యులు సుభాష్ కౌల్, ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్రజ్ఞురాలు దుగ్గిరాల వసంత, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో మెదడు పనితీరును గణిత పద్ధతులతో అధ్యయనం చేసిన సూరంపూడి బాపిరాజు, స్కాట్లాండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ ఆ పనిలో చేరారు. రోగిని పరీక్షించడం వైద్యుని పని. మనిషి నిజంగా రెండు భాషలతో జీవిస్తున్నాడా అని తేల్చడం భాషాశాస్త్రం పని. వయసు, చదువు, వృత్తి, ఊరు మొదలైన వాటి ప్రభావాన్ని వేరుచేసి చూడటం గణాంకాల పని. ఏ ఒక్క శాఖా ఒంటరిగా చేయగలిగిన పని కాదిది.

వారి ఫలితాలు 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురితమైనాయి. 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించగా, వారిలో 391 మంది రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఏకభాషులతో పోలిస్తే వారికి వ్యాధి సగటున 4.5 సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనది. ఆల్జైమర్స్‌లోనే కాక, రక్తనాళాల వలన వచ్చే డిమెన్షియాలో, మెదడు ముందు భాగపు డిమెన్షియాలో కూడా ఈ తేడా కనిపించింది. చదువు, లింగం, వృత్తి, పల్లె పట్నాల భేదం లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా తేడా నిలిచింది. రెండు దాటి మూడు, నాలుగు భాషలు వచ్చినంత మాత్రాన అదనపు లాభమేదీ కనబడలేదు.

మనం గుర్తు పెట్టుకోవలసిన అంశం మరొకటున్నది. ఒక్క అక్షరమూ రానివారిలో కూడా ఆ తేడా కనిపించింది. బడిలో ఏనాడూ కూర్చోని మనిషి, రెండు భాషలతో బతికినందువలన, ఒకే భాషతో బతికిన నిరక్షరాస్యుని కంటే ఆలస్యంగా వ్యాధి పాలైనాడు. అందువలన ఈ మేలుకు కారణం చదువేనని కొట్టిపారవేయడానికి వీలులేకపోయింది.

ఇది ఎలా జరుగుతుంది? రెండు భాషలు తెలిసిన మనిషి ఒక భాష మాట్లాడేటప్పుడు రెండోది నిద్రపోదని పరిశోధకుల వివరణ. అది కూడా నాలుక చివరికి వస్తూనే ఉంటుంది. ఎదుటివానిని చూసి, ఒక మాటను ఎంచుకొని, మరొక మాటను ఆపి, మరుక్షణం అవసరమైతే మళ్లీ మార్చుకోవాలి. రోజుకు వందలమార్లు, యాభై అరవై ఏళ్లు సాగే ఈ సాధన అవధానాన్ని నియంత్రించే శక్తిని బలపరుస్తుందని వారి భావన.

ఇదే బృందం పక్షవాతం వచ్చిన 608 మంది రోగులను కూడా పరిశీలించింది. పక్షవాతం తరువాత ఆలోచనాశక్తి చెక్కుచెదరకుండా ఉన్నవారు ద్విభాషులలో 40.5 శాతం, ఏకభాషులలో 19.6 శాతం. అయితే మాట పడిపోవడం విషయంలో ఇరువర్గాల మధ్య తేడా కనబడలేదు. రెండు భాషల మేలు కేవలం నోటి మాటకు చెందినదైతే, మొదట మాటలోనే తేడా కనిపించాలి కదా? ఆలోచనను నడిపే శక్తిలో కనిపించింది. పైన చెప్పిన వివరణకు ఇది బలమిస్తున్నది.

ఈ ఫలితాలపై విమర్శలు కూడా ఉన్నాయి. వాటిని దాచడం ధమ్మం కాదు. ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే లెక్కించారు కనుక, రానివారి సంగతేమిటన్నది ఒక ప్రశ్న. ఆరోగ్యవంతులను ముందుగా ఎంచుకొని ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనాలలో కొన్నింటికి ఈ తేడా కనబడలేదు. మరొకటి, వ్యాధి ఆలస్యమవుతుందని తేలిందే కాని, రాదని ఎవరూ అనలేదు. ఏమైనా, మనసు నుండి మనిషి జారిపోకుండా నిలిచే నాలుగున్నర ఏళ్లు చిన్న కాలం కాదు. ఒక మనవరాలు పుట్టి, నడక నేర్చి, అవ్వ చేత పేరు పెట్టి పిలిపించుకునేంత కాలమది.

ఇప్పుడు మన ఊరి వైపు చూద్దాము. 1954 నవంబరు 1న ఫ్రెంచి పాలన చేతులు మారిన ఈ ప్రాంతంలో పుదుచ్చేరి, కారైకాలు తమిళానికి, మాహే మలయాళానికి, యానాం తెలుగుకు నెలవులు. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇంట తెలుగు, వీధిలో తమిళం, కార్యాలయంలో ఇంగ్లీషు. తమిళ దేశపు పట్టణాలలో తరతరాలుగా పారిశుద్ధ్య వృత్తికి కట్టుబడిన తెలుగు కుటుంబాలను తలచుకోండి. తెలుగు లిపి వారికి అందలేదు. తమిళ లిపి చాలామంది పెద్దలకు అందలేదు. వీధులు ఊడ్చే ఆ తల్లిని సమాజం చదువులేనిదన్నది, తెలివిలేనిదన్నది. కాని ఆమె ఉదయం లేచిన క్షణం నుండి రెండు భాషల మధ్య వంతెన మీద నడుస్తున్నది. ఆ నడకను ఇంతవరకు ఏ పట్టాతోనూ, ఏ పుర్రె కొలతతోనూ ఎవరూ లెక్కించలేదు. హైదరాబాదు పరిశోధన లెక్కించింది.

దీనిని నిరక్షరాస్యతకు ప్రశంసగా ఎవరూ వాడుకోరాదు. కూలివాని మెదడు ఎలాగూ బాగానే ఉన్నది కనుక బడి ఎందుకన్న కుతర్కం రేపు వినిపించినా ఆశ్చర్యం లేదు. ముందే చెప్పాను: చదువు లేకపోవడం మెదడుకు నష్టమే. ఈ పరిశోధన నిరూపించినది వేరు. చదువును నిరాకరించినవారు మనుషులను మెదడు లేనివారిగా చేయలేకపోయారు. నష్టం చేశారు, ఓడించలేకపోయారు.

దీని నుండి చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది పరీక్షల సంగతి. మతిమరుపును తేల్చడానికి వాడే ప్రశ్నలు అనేకం విదేశాలలో చదువుకున్నవారి కోసం రూపొందినవి. మాటను వెనుక నుండి అక్షరక్రమంలో చెప్పమనడం, వంద నుండి ఏడేసి తీసివేయమనడం, బొమ్మను చూసి గీయమనడం వంటివి. పలక పట్టని చేతికి ఆ బొమ్మ రాకపోతే అది వ్యాధి కాదు. అందుకే మన పరిశోధకులు ఈ పరీక్షలను తెలుగుకు అనువుగా మార్చారు. భారత వైద్య పరిశోధనా మండలి చేపట్టిన పరీక్షా సాధనాలు హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషలలో సిద్ధమైనాయి. తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోయి, తల్లిభాష మాత్రమే మిగలడం కూడా కొందరు రోగులలో వైద్యులు గమనించారు. నిన్నటిదాకా తమిళం ధారాళంగా మాట్లాడిన తెలుగు అవ్వ నేడు తమిళ ప్రశ్నకు బదులివ్వకపోతే, ఆమెను తెలుగులో అడిగి చూడాలి. ఆసుపత్రికి ఆమె వెంట తెలుగు వచ్చినవారు ఒకరు వెళ్లాలి.

రెండవది, మన ఇళ్లలోని మాట. అడిగిందే పదిమార్లు అడిగితే చాదస్తమంటాము. తెలిసిన వీధిలోనే దారి తప్పితే గాలి సోకిందంటాము. మంచాన పడితే పూర్వజన్మ పాపమంటాము. సంయుత్త నికాయంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించే ప్రతి బాధకూ పూర్వ కర్మే కారణమా అని బుద్ధుణ్ణి అడుగుతాడు. బుద్ధుడు ఆ వాదాన్ని అంగీకరించడు. పిత్తం, శ్లేష్మం, వాతం, వాటి కలయిక, ఋతువుల మార్పు, అజాగ్రత్త, దెబ్బలు మొదలైన వాటి వలన కూడా బాధ కలుగుతుందని, ఇది లోకమంతా ఎరిగిన సంగతేనని చెబుతాడు. కర్మ ఆ ఎనిమిదింటిలో ఒకటి మాత్రమే. నేటి వైద్యుల జాబితాలోని రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, తలకు దెబ్బ, వినికిడి లోపం చూసినప్పుడు, కారణాన్ని ప్రత్యక్షంగా వెతకమన్న ఆ వైఖరి ఎంత ఆరోగ్యకరమైనదో తెలుస్తుంది. విటమిన్ బి12 కొరత, థైరాయిడ్ లోపం, మనోవ్యాకులత వలన వచ్చే మతిమరుపు చికిత్సకు లొంగవచ్చు. పాపమని కూర్చుంటే ఆ అవకాశమే చేజారుతుంది.

మూడవది, పిల్లల భాష. ఇంట్లో తెలుగు మానివేసి, ఇంగ్లీషొక్కటే నేర్పితే ఎదుగుతారనుకునే తల్లిదండ్రులు మనలోనూ ఉన్నారు. ఇంగ్లీషు మనకు అవసరం. బాబాసాహెబ్ తన గ్రంథాలలో ఎక్కువ భాగం ఆ భాషలోనే రాశారు. కాని దానికోసం తల్లిభాషను తీసివేయనక్కరలేదు. చేర్చండి.

నాలుగవది పరిశోధన. కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెలలో, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధనా కేంద్రం, 45 ఏళ్లు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి పరిశీలించే లక్ష్యంతో పనిచేస్తున్నది. తెలుగు, కన్నడం కలిసి వినిపించే జిల్లా అది. రోగులు ఆసుపత్రికి వచ్చేవరకు ఆగక, ఆరోగ్యవంతులను ముందునుండే పరిశీలించే ఈ తరహా పని వలన, ఇందాక చెప్పిన సందేహాలలో కొన్నింటికి జవాబు దొరకవచ్చు. మన పుదుచ్చేరిలో 1823లోనే ఫ్రెంచివారు వైద్యపాఠశాల స్థాపించారు. 1964 నుండి జిప్మర్ ఉన్నది. 1985 నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నది. నాలుగైదు భాషలు మాట్లాడే ప్రజలున్నారు. వైద్యులు, భాషాశాస్త్రజ్ఞులు, మావంటి చరిత్ర అధ్యాపకులు ఒక బల్ల చుట్టూ కూర్చోవడమే మిగిలి ఉన్నది. అటువంటి పని ఇక్కడ మొదలైతే, మన పేటల పెద్దలను అందులో చేర్చమని మన సంఘాలు ముందుగా అడగాలి. లెక్కలో లేనివారి అవసరాలు విధానాలలో ఉండవు.

చివరగా ఒక్క మాట. విరేచనాలతో తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువును తోటివారు పట్టించుకోనప్పుడు, బుద్ధుడు ఆనందునితో కలిసి తానే కడిగి పడుకోబెట్టాడని వినయ పిటకం చెబుతున్నది. మతి తప్పినవారికి మన పేరు గుర్తుండకపోవచ్చు, మనం చేసిన సేవ కూడా గుర్తుండకపోవచ్చు. వారు ఎవరో మనకు గుర్తున్నది, అది చాలు. రెండు భాషలను మోసి, రెండు తరాలను పెంచి, అక్షరం లేకుండానే లోకాన్ని చదివిన ఆ పెద్దలను వైద్యుని వద్దకు తీసుకువెళదాము, వారి భాషలో పలకరిద్దాము.

నమో బుద్ధాయ. జై భీమ్.